చుట్ట మధ్యలో ఖాళీ జాగా

ఖాళీ జాగాను ఖాళీగా వదిలేసేవాళ్లను జైల్లో పెట్టాలి! ఒప్పుకోరా? అయితే మీరు ఢిల్లీలో ఎప్పుడూ ఇల్లు వెతుక్కోలేదన్నమాట.

మయూర్ విహార్‌లో ఉండే పద్మనాభంగారిని చూసి నేర్చుకోండి. బాల్కనీకి అద్దాలు బిగించి పిల్లల గది చేశారు. గాలి కోసం వదిలిన సందుకు రేకు కప్పి వాషింగ్ మెషీన్ పెట్టారు. ఇప్పుడు వంటింట్లో పోపు వేస్తే పడగ్గదిలో తుమ్ములు. రానివ్వండి! స్క్వేర్ ఫీట్లు ముఖ్యమా, ముక్కు ముఖ్యమా?

అంతటి మనిషి నోయిడాలో ఒక చిప్ డిజైన్ కంపెనీకి డైరెక్టర్. ఆయన కింద పనిచేసే సుభద్రకే జాగా విలువ తెలియదు.

2006లో ఆమె మొబైల్ ఫోన్ చిప్పు కోసం ఒక ఆసిలేటర్ తయారుచేసింది. అది ఆగకుండా ఊగుతూ ఉంటేనే ఫోనుకు సిగ్నల్ అందుతుంది. దాని ప్రాణమంతా వెంట్రుక కన్నా సన్నటి లోహపు తీగ చుట్టలో ఉంది. ఉయ్యాలే అనుకోండి. ఒక్క తోపుకు ఎంతసేపు ఊగితే దాని క్వాలిటీ ఫ్యాక్టర్ అంత గొప్ప. చిప్పు మీద మహా అయితే పది వస్తుంది. తీగ రెసిస్టెన్స్ కొంత తింటుంది, అడుగున ఉన్న సిలికాన్ కొంత తింటుంది. దగ్గర్లో వేరే లోహం ఉందా, అందులో సుడి కరెంట్లు పుట్టి మిగిలింది నాకేస్తాయి. అందుకే సుభద్ర చుట్ట మధ్యలో ఏమీ పెట్టలేదు. పది కాస్తా ఐదైతే ఉయ్యాల కదలదు. అది కదలకపోతే రేడియో పని మొత్తం బెంగళూరు టీముకు పోతుంది. ఆమె మూడేళ్ల కష్టం కూడా దానితోపాటే.

రివ్యూలో తెర మీద లేఅవుట్ చూసి పద్మనాభంగారు కుర్చీలోంచి లేచారు.

"ఏంటమ్మా ఇది? ఇక్కడ పార్కు కట్టిస్తావా?"

"అక్కడ మాగ్నెటిక్ ఫీల్డ్ ఉంటుంది సర్."

"కనపడదే!"

"కనపడదు సర్. కానీ ఉంటుంది."

"కనపడనివాళ్లకి కూడా ప్లాట్లు ఇచ్చుకుంటూ పోతే ఎలాగమ్మా? కెల్విన్, ఆ కెపాసిటర్లన్నీ తెచ్చి ఇందులో సర్దెయ్."

లేఅవుట్ గీసే కెల్విన్ గుంటూరు నుంచి వచ్చి స్థిరపడిన ఒక నర్సుగారి అబ్బాయి, పుట్టి పెరిగింది ఢిల్లీలోనే. తెలుగు వింటాడు, హిందీలో జవాబిస్తాడు.

"దీదీ, క్యా కరూఁ? సర్ కా ఆర్డర్ హై."

"సర్దెయ్ నాయనా. నన్ను కూడా ఓ మూల సర్దెయ్."

చిప్పు ఎనిమిది శాతం చిన్నదైంది. పద్మనాభంగారికి హెడ్డాఫీసు నుంచి అభినందనలు వచ్చాయి. కొన్ని నెలలకు ఫ్యాక్టరీ నుంచి చిప్పు కూడా వచ్చింది. కెపాసిటర్లలోని లోహం ఉయ్యాల ఊపునంతా మింగేసింది; ఆసిలేటర్ కదల్లేదు, మెదల్లేదు.

అయితే ఏం? బస్సులో పక్కవాడు ఫోన్లో వియ్యంకుడితో గొడవపడుతుంటే విన్నారా ఎప్పుడైనా? సిగ్నల్ అందని ఫోను ఈ దేశానికి ఎంత మేలు! పద్మనాభంగారు అంత దూరం ఆలోచించలేదు గానీ, తప్పెవరిదో మాత్రం వెంటనే కనిపెట్టారు.

"నీ చుట్టలో దమ్ము లేదమ్మా. కరెంటు పెంచు."

"పెంచితే మధ్యాహ్నానికే బ్యాటరీ అయిపోతుంది సర్."

"చార్జర్ ఇస్తాంగా!"

హెడ్డాఫీసు ఇంకొక్క అవకాశమిచ్చింది. అదే ఆఖరిది. సుభద్ర ఈసారి ఫిజిక్స్ పక్కనపెట్టి పద్మనాభంగారిని చదివింది. ఆయన లెక్కలో పేరు లేని జాగాయే ఖాళీ జాగా. కెపాసిటర్లు తీసేసి, ఆ జాగా మీద ఆకుపచ్చ చతురస్రం గీసి పేరు పెట్టింది: ఫీల్డ్ కంటైన్‌మెంట్ యూనిట్, వెర్షన్ వన్.

"ఇదేదో కొత్తగా ఉందే?" అన్నారు పద్మనాభంగారు.

"ఫీల్డును కాపాడే యూనిట్ సర్. మన సొంతం. లైసెన్స్ అక్కర్లేదు."

"అచ్ఛా! ఓనరెవరు?"

"కెల్విన్ సర్."

కెల్విన్‌కు టీ పొలమారింది.

"ట్రాన్సిస్టర్లు ఎన్ని పట్టాయి?"

"ఒక్కటీ పట్టలేదు సర్."

"పవర్?"

"సున్నా సర్."

"శభాష్! డిజైనంటే ఇదమ్మా! దీని జోలికి ఎవరూ రాకండి."

ఎవరూ రాలేదు. చిప్పు పనిచేసింది. రేడియో పని నోయిడాలోనే నిలిచింది. సమోసాల పార్టీలో పద్మనాభంగారు సుభద్రనూ కెల్విన్‌నూ చెరోపక్క నిలబెట్టుకుని ఉపన్యసించారు.

"ఈ యూనిట్ మన కంపెనీకే గర్వకారణం! అందుకే వచ్చే చిప్పులో దీని సైజు సగానికి తగ్గిస్తున్నాం. కెల్విన్, సోమవారానికల్లా ప్లాన్ కావాలి."

చప్పట్లు మోగాయి. సుభద్ర చేతిలోని సమోసా చేతిలోనే ఉండిపోయింది.

క్వాలిటీ ఫ్యాక్టర్‌ను తినేవి తీగ రెసిస్టెన్స్, సిలికాన్, సుడి కరెంట్లు అని పుస్తకాల్లో రాస్తారు. పాపం, ఆ పుస్తకాలు రాసినవాళ్లను ఎవరూ రివ్యూ మీటింగుకు పిలిచి ఉండరు.