పసుపు కింద నంబరు

ఆ శుక్రవారం ఉదయం కృష్ణవేణి పెట్టుకున్న పని ఒక్కటే. జీడిపిక్కల మహిళా సంఘం గదిలో మూలుగుతూ మూలుగుతూ ఆరు నెలల కిందట ఆగిపోయిన కంప్యూటర్‌ని, మధ్యాహ్నం పాతసామాన్ల ఢిల్లీరావు వచ్చేలోగా కంపెనీవాళ్ళకు అప్పగించాలి.

ఢిల్లీరావు తీసుకెళ్తే ఏమవుతుందో ఊరందరికీ తెలుసు. రాగి కోసం వైర్లను మంచినీళ్ళ నుయ్యి వెనకాల కాలుస్తాడు. పోయినేడాది వానలకు ఆ మసి నూతిలోకి దిగి, బిందెల్లో నల్లటి తెట్టు తేలింది. కిడ్నీలు పాడుచేస్తాయని ఉద్దానం నీళ్ళకు ఉన్న పేరు చాలనట్టు. కృష్ణవేణి మామగారు కిడ్నీల జబ్బుతోనే పోయారు. అప్పటినుంచి ఆమె నూతిలోకి ఒకసారి తొంగిచూడకుండా చేద వెయ్యదు. సంఘం మాత్రం ఢిల్లీరావుకే ఇచ్చెయ్యమంది. మన ఊరికి ఇంకెవరొస్తారని అందరి ప్రశ్న.

కంప్యూటర్‌తో వచ్చిన పుస్తకాన్ని చివరిదాకా చదివిన మనిషి ఆ చుట్టుపక్కల కృష్ణవేణి ఒక్కతే. పాడైన యంత్రాన్ని వెనక్కి తీసుకునే బాధ్యత తయారుచేసిన తారక కంపెనీదేనని, ఫోన్ చేస్తే చాలని ఆఖరి పేజీలో ఉంది. చేసింది.

"వెనక అంటించిన నంబరు చెప్పండి మేడమ్," అంది అవతలి అమ్మాయి.

కృష్ణవేణి వెనక్కి తిప్పి చూసింది. పదకొండు దసరాల ఆయుధపూజల పసుపూ కుంకుమా అట్టకట్టి ఉన్నాయి. గోటితో గీకబోతే అత్తగారు పోలమ్మ చెయ్యి పట్టుకుంది. "సుక్రోరం పూట పసుపు గీకుతావేటే?"

"పోనీ, నంబరు మా డ్రైవర్ చూసుకుంటాడు," అంది ఫోన్లో అమ్మాయి. "బండి ఈరోజు పలాస వస్తోంది. కానీ పది కంప్యూటర్లయినా లేకపోతే మీ ఊరిదాకా రాదు. ఉన్నాయా?"

"ఉన్నాయి," అంది కృష్ణవేణి. ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు. ఉన్నది ఒకటి.

"పదకొండుకి బండొచ్చేత్తాది అత్తా," అంది కృష్ణవేణి ఫోన్ పెట్టేసి. "పాత కంప్యూటర్లున్నోళ్ళని అట్టుకు రమ్మని సెప్పు. అయ్యి కరిగించి కొత్తయి సేత్తారంట."

పోలమ్మకు ఎవరు ఎక్కడికి వెళ్తున్నా కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి. పలాస స్టేషన్లో రైలు కదిలితే ముక్కూమొహం తెలియనివాళ్ళకు కూడా చెయ్యి ఊపుతుంది. గడప దాటే వాళ్ళను ఒట్టి చేతులతో పంపదు. అలాంటి మనిషికి, ఇచ్చెయ్యండి, ఇక తిరిగిరాదు అని ఇంటింటికీ చెప్పడానికి నోరు రాలేదు. మొదటి గుమ్మంలోనే మాట మార్చింది.

"బెంగెట్టుకోకు సూరమ్మా. ఇక్కడ్నించి ఎల్లింది కొత్తదై వొత్తాది."

సూరమ్మకు బెంగ ముందు కూడా లేదు. ఇప్పుడు ఆశ పుట్టింది.

పదిన్నరకు సంఘం గది నుంచి కొబ్బరితోట దాకా వరస కట్టారు. మిక్సీలు, టీవీలు, మోటారు స్టార్టర్లు, ఇస్త్రీపెట్టెలు. సూరమ్మ అయితే తిరుగుతున్న ఫ్యాన్‌నే ఆపి దించుకొచ్చింది. కంప్యూటర్ మాత్రం ఒక్కటీ లేదు.

"అత్తా, ఊరికేటి సెప్పినావు?"

"మంచి మాటే సెప్పినాను."

ఆ మంచి మాట ఢిల్లీరావు కొట్టు చేరేసరికి ఇంకా బలిసింది. ఎన్ని పాతవిస్తే అన్ని కొత్తవట. కోటబొమ్మాళి దాకా తిరిగి ఏరుకొచ్చిన ఇరవై రెండు కంప్యూటర్లు కాల్చడానికి సిద్ధంగా ఉన్నాయి. అన్నీ ట్రాక్టర్లో వేసుకొచ్చి, వరసను తోసుకుని ముందు నిలబడ్డాడు.

"అప్పా, ముందు నాయి ఎక్కించు," అన్నాడు కృష్ణవేణితో.

"నువ్వు కంపెనీకిత్తావా?"

"ఊరంతా ఇత్తంటే నానేటి పాపం సేసినాను?"

బండి వచ్చింది. టెక్కలి నుంచి వచ్చిన డ్రైవర్ మహీధర్ దిగి, వరసను ఈ చివర నుంచి ఆ చివరకు చూశాడు. "మేడమ్, నేను తారక కంప్యూటర్లే తీసుకుంటాను. ఫ్యాన్లు కాదు."

సూరమ్మ ఫ్యాన్‌ను చంకనెత్తుకుని పోలమ్మ ముందుకొచ్చింది. "ఈ ఉడుక్కి నువ్వొచ్చి ఇసురుతావేటి మాకు?"

మహీధర్ వంగి కంప్యూటర్లను చూశాడు. ఆఫీసులవి, కొట్లవి, బడులవి, అన్నీ దసరాలు చేసుకున్నవే. ఇరవై మూడింటికీ ముందూ వెనకా పసుపు. "పేరు కనబడకపోతే ఎక్కించలేను. నేనెళ్ళిపోతాను."

"పోన్లే, నుయ్యెనక సోటుంది," అన్నాడు ఢిల్లీరావు.

అప్పుడు పోలమ్మ లేచింది. "ఆగు బాబూ. పిల్లని సాగనంపినప్పుడు మొకం కడగకుండా పంపుతామేటి? అది సుక్రోరమైనా కడుగుతాం."

కొబ్బరినూనె గిన్నె, పాత చీర ముక్కా తెచ్చి తనే మొదలుపెట్టింది. పసుపు కరిగింది, తారక కంపెనీ చుక్క గుర్తు బయటపడింది, దాని పక్కనే నంబరు. అంతవరకూ తిట్టిన వాళ్ళే తలో గుడ్డా పట్టారు. ఢిల్లీరావు అందరికంటే గట్టిగా తుడిచాడు. అతని ఇరవై రెండింటిలో పంతొమ్మిది తారకవి. సంఘానిదానితో ఇరవై. కృష్ణవేణి పొద్దున్న ఆడిన అబద్ధం పన్నెండింటికి రెండింతల నిజమైంది.

మహీధర్ నంబర్లన్నీ కాగితం మీద ఎక్కించి, సంతకాలు తీసుకుని, ఆ ఇరవైనీ బండిలో పెట్టించాడు. ఢిల్లీరావు చెయ్యి చాచాడు. "కొత్తయి ఎప్పుడిత్తారు?"

"కొత్తవా? ఎవరు చెప్పారు?"

అందరూ పోలమ్మ వైపు చూశారు. ఆమె బండి వైపు చూస్తూ కళ్ళొత్తుకుంటోంది.

"అయితే నాయి దించీ."

"దించుతాను. ఇక్కడ నంబరు ఎక్కిన ప్రతిదానికీ కంపెనీ జవాబు చెప్పుకోవాలి. వెనక్కి తీసుకుని ఏం చేస్తారో రాసి సంతకం పెట్టండి."

ఢిల్లీరావు కలం పట్టుకుని నిలబడ్డాడు.

"రాయి తమ్ముడూ," అంది కృష్ణవేణి మర్యాదగా. "నుయ్యెనక కాలుత్తానని రాయి."

"సాచ్చి సంతకం నానెడతాను," అంది సూరమ్మ, ఫ్యాన్ కింద పెట్టకుండా.

బిందెల్లో నల్లటి తెట్టు చూసిన ఆడవాళ్ళందరూ మరో అడుగు దగ్గరికి జరిగారు. ఢిల్లీరావు కలం తిరిగి ఇచ్చేశాడు. "ఎల్లనీండి. పాతయ్యే కదా."

ఢిల్లీరావు వదిలేసిన వేరే కంపెనీల మూడింటినీ కృష్ణవేణి సంఘం గదిలో పెట్టి తాళం వేసింది. వాటి కంపెనీలకూ ఫోన్లుంటాయి. బండి మలుపు తిరిగేదాకా పోలమ్మ చెయ్యి ఊపింది. ఆ సాయంత్రం కృష్ణవేణి నూతిలోకి తొంగిచూడకుండానే చేద వేసింది.

మర్నాడు టెక్కలి నుంచి కంపెనీవాళ్ళ ఫోన్ వచ్చింది.

"మేడమ్, ఇరవై కంప్యూటర్లూ అందాయి. ఒకదాని డబ్బాలో కొబ్బరికాయ, జీడిపప్పు పొట్లం ఉన్నాయి. అవి మా కంపెనీవి కావు, మీరే వెనక్కి తీసుకోవాలి."