హ్యాండిల్ వైద్యం

పదకొండింటికి భార్యకు మోటారుసైకిల్ డ్రైవింగ్ టెస్టు. ఆరింటికే లేచి బండిని వీధి చివరిదాకా ఓసారి తోలి, తుడిచి, టైముకి టెస్టు మైదానానికి చేర్చాలి. ఇంజనీరు పథకం ఇంతే! వీధంతా అతన్ని ఇంజనీరంటుంది గానీ అతని ఉద్యోగం పోస్టాఫీసులో. నిన్న సాయంత్రమే ముందు ఫోర్కులు, అంటే ముందు చక్రాన్ని రెండువైపులా పట్టుకునే గొట్టాలు, విప్పి పాత నూనె పారబోసి, కొత్తది పోసి తనే బిగించాడు. చివర్లో ఒక్క స్క్రూ కూడా మిగల్లేదని పడుకునేదాకా చెబుతూనే ఉన్నాడు.

తీరా ఉదయం వేగం నలభై దాటగానే హ్యాండిల్ వద్దు వద్దన్నట్టు అడ్డంగా తలూపడం మొదలుపెట్టింది.

"ఏమండీ, ఇప్పటికే రెండుసార్లు ఫెయిలయ్యాను" అంది భార్య. ఆమె టైలరు. "ఈసారి లైసెన్సు రాకపోతే స్కూలు యూనిఫారాల ఆర్డరు గోవిందా! బండి మీద తెచ్చి ఇవ్వగలిగితేనే ఇస్తామన్నారు."

"అబ్బా, రోగమేంటో తేలితే పది నిమిషాల పనే!"

ఈ మాట మామగారి చెవిన పడింది. ముప్పై ఏళ్ళు బస్సు నడిపి రిటైరైన మనిషాయన.

"తప్పుకోండి అల్లుడుగారూ. హ్యాండిల్ నట్టు లూజు" అంటూ స్పానరు మీద ఒళ్ళంతా వేలాడేసి బిగించారు. ఊగడం ఆగింది. తిరగడం కూడా ఆగింది. మలుపు దగ్గర ఇంజనీరు ఏ పక్కకీ తిరగలేక తిన్నగా లెక్కల మాస్టారి గేటులో దూరి, పేపరు చదువుకుంటున్న ఆయనకి నమస్కారం పెట్టి, బండిని ఎత్తి తిప్పుకుని వచ్చాడు.

"కొంచెం వదులు చేద్దామాండీ మామయ్యగారూ?"

"నేను బిగించింది విప్పుతారా?"

ఆ ఇంట్లో పెద్దాయన బిగించింది ఎవరూ విప్పరు. వంటింట్లో ఒక డబ్బా మూత ఆయన ఎప్పుడో బిగించారు, అందులో ఏముందో ఇప్పటికీ ఎవరికీ తెలీదు! అందుకే మామగారు స్నానానికి వెళ్ళగానే ఇంజనీరు దొంగతనంగా నట్టు విప్పాడు. కంగారులో రెండు చుట్లు ఎక్కువే విప్పాడు. ఈసారి బండి ఇరవైకే ఊగింది.

అప్పటికి మాస్టారు గేటు సంగతి అడగడానికి వచ్చి, బండిని చూసి గేటు సంగతే మర్చిపోయారు.

"ఇది బరువు లెక్కయ్యా! ముందు భాగం తేలిపోతోంది. ఏదన్నా బరువైంది తగిలించు."

ఇంట్లో బరువైంది ఇస్త్రీ పెట్టె. దాన్ని హ్యాండిల్‌కి కట్టాడు. ఇప్పుడు చక్రం ఒకవైపు ఊగుతుంటే పెట్టె ఇంకోవైపు ఊగి మోకాలి చిప్పని వాయించింది.

"రెండు ఊపులూ ఒకదానికొకటి కొట్టేసుకోవాలే!" అన్నారు మాస్టారు నిజంగానే బాధపడుతూ.

స్నానం ముగించుకొచ్చిన మామగారు తేల్చేశారు. "నట్టు నేను బిగించాను. బండి ఊగే ప్రసక్తే లేదు. రోడ్డే ఊగుతోంది."

టైము పదిన్నర అయింది. ఇస్త్రీ పెట్టె వెతుక్కుంటూ బయటికొచ్చిన భార్య బండి ఎదురుగా నిలబడి ఒక కన్ను మూసింది.

"దీనికి ఎడమ చెయ్యి పొట్టి."

"చెయ్యేంటి?"

"ఆ గొట్టం పైకి ఎక్కువ పొడుచుకొచ్చింది, కనబడట్లా? చొక్కాకి చేతులు సమంగా కుట్టకపోతే ఊరుకుంటారా మీరు?" ఇస్త్రీ పెట్టె విప్పి పక్కన పెట్టి, మెడలోని టేపు తీసి కొలిచింది. వేలెడు తేడా! గొట్టాన్ని పట్టి ఉంచే బోల్టులు వదులుచేసి, రెండూ సమం చేసి బిగించింది. అదే చేత్తో హ్యాండిల్ నట్టూ పట్టుకుంది.

"అమ్మాయ్, అది నేను బిగించిందే!"

"ఎవరో ఎప్పుడో విప్పేశారులే నాన్నా" అంటూ దాన్నీ సరిపడా బిగించింది.

మామగారు అల్లుడి వైపు చూశారు. అల్లుడు రోడ్డు వైపు చూశాడు, అది ఊగుతోందేమోనని.

బండి ఇప్పుడు గీత గీసినట్టు పోతోంది. కానీ ఉదయం నుంచీ ఊపుకి ఎదురు తిప్పీ తిప్పీ ఇంజనీరు చేతులకి అదే అలవాటైపోయింది. భార్యని వెనక కూర్చోబెట్టుకుని, తిన్నగా పోయే బండిని తనే అటూ ఇటూ ఊపుతూ మైదానంలోకి ప్రవేశించాడు.

"ఆగండాగండి! మీరు ఫెయిల్" అన్నాడు టెస్టు పెట్టే ఇన్‌స్పెక్టరు.

"అయ్యో, టెస్టు నాక్కాదండీ, మా ఆవిడకి!"

"మీక్కాదా? అయితే లైసెన్సు ఉండాలే. తియ్యండి."

తీశాడు. దాని గడువు తీరి రెండేళ్ళయింది. పర్సులో పెట్టాక ఇంజనీరు దాని మొహం చూసిన పాపాన పోలేదు.

ఆ పక్కన భార్య ఎనిమిది అంకెని ముగ్గేసినంత శుభ్రంగా చుట్టొచ్చి, కాలు కింద పెట్టకుండా ఆపింది. ఆమె కాగితం మీద పాస్ ముద్ర పడింది. గడువు తీరి ఏడాది దాటింది కాబట్టి మళ్ళీ మొదటినుంచీ టెస్టుకి రావాలంటూ ఇంజనీరు చేతిలో ఇంకో కాగితం పడింది.

"సార్, ఆ ఊపు నాది కాదండీ, బండిది. కావాలంటే చూడండి!"

ఇన్‌స్పెక్టరు ఓపిగ్గా బండెక్కి మైదానం చుట్టూ రెండుసార్లు తిరిగొచ్చి, ఇంజనీరు కాగితంలో కారణం అన్న గడిలో ఒక్క ముక్క రాశాడు: బండిలో లోపం లేదు.