తల ఊపడంలో ప్రథమశ్రేణి

వయొలిన్ వాద్యానికి ముఖ్యమైన అవయవం మెడ అని సంగీతాభిమానులకు ఇందుమూలంగా తెలియజేయడమైనది. వేళ్లు, చెవులు అనేవి తర్వాతి సంగతి.

ఈ రహస్యం తెలియక చిన్నమ్మి చాలా ఏళ్లు వృథాగా వేళ్లు అరగదీసుకుంది. కమాను పట్టిన కొత్తలో తలుపు కీచుమంటోందనుకుని వాళ్ల నాన్న ఇంట్లోని మడతబందులన్నిటికీ నూనె పోశాడు. ముందు తలుపులు బాగుపడ్డాయి, ఆ తర్వాత పిల్ల చెయ్యీ బాగుపడింది. కచేరీలకు పంపేముందు గురువుగారు ఆఖరి పాఠం చెప్పారు.

"చూడమ్మాయ్, పక్కవాద్యమంటే వాయించడం ఒక్కటే కాదు. పాడేవాళ్లు నోరు తెరవగానే తల ఊపాలి. దారి తప్పారనుకో, ఇంకా గట్టిగా ఊపాలి."

చిన్నమ్మి అద్దం ముందు కూర్చుని సాధన చేసింది. చిన్న గమకానికి గడ్డం వరకే. పెద్ద గమకానికి కళ్లు మూసి మెడ మొత్తం. అపశ్రుతికి భుజాలతో సహా.

ఇక చూసుకోండి, పేరున్న గాయకులందరికీ ఆమే కావలసి వచ్చింది. శ్రోతలు కూడా పాట వినే శ్రమ మానుకుని, ఆమె తలను చూసి చప్పట్లు కొట్టడానికి అలవాటుపడ్డారు. ఒకసారి చెవి మీద ఈగ వాలితే చిన్నమ్మి తల విదిలించింది. హాలు దద్దరిల్లింది. అప్పుడు మంచినీళ్లు తాగుతున్న గాయకులవారు గ్లాసు పక్కన పెట్టి, వినయంగా నమస్కరించారు.

ఆమె వాయించే వంతు రాగానే మాత్రం జనం కాఫీకి లేచేవారు. అది ఆనవాయితీ, ఎవరినీ తప్పు పట్టడానికి లేదు. కానీ ఈ పిల్లకో దురాశ పట్టుకుంది. ఒక్క రాగం, మొదలు నుంచి చివరిదాకా, ఎవరూ కుర్చీలోంచి లేవకుండా తన వయొలిన్ మీద వినాలట. కచేరీలు పెట్టించే సంగీత సంఘం కార్యదర్శిని అడిగితే ఆయన నిజంగానే దిగులుపడ్డాడు.

"ఒక్కదానివే వాయిస్తే తల ఎవరికి ఊపుతావమ్మా?"

చివరికి జాలిపడి ఒక సాయంత్రం ఇచ్చారు. చిన్నమ్మి కళ్లు మూసుకుంది. ఇన్నేళ్లూ గదిలో గోడలకు మాత్రమే వినిపించిన రాగం, ఆ పూట ఆమె అడగకుండానే చేతిలోకి వచ్చింది. తల ఊపాలన్న ధ్యాసే లేదు. జనం ఎక్కడ మెచ్చుకోవాలో తెలియక ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. ముందు వరుసలో ఒకావిడకు కళ్లు చెమర్చాయి. ఇంకెవరికీ చెమర్చకపోవడం గమనించి, నలక పడిందని పక్కావిడకు సంజాయిషీ చెప్పుకుంది.

కచేరీ ముగిశాక కార్యదర్శి మైకు అందుకున్నాడు.

"పిల్లకి ఇవాళ ఒంట్లో బాగున్నట్టు లేదు. తల కదలనేలేదు. పెద్ద మనసుతో మన్నించండి. ఇకమీదట వయొలిన్ మోసే శ్రమ కూడా తనకి పెట్టదలచుకోలేదు. ప్రతి కచేరీకీ వేదిక మీద, మీకెదురుగా, ఒక కుర్చీ వేయిస్తాం. వచ్చి కూర్చుంటే చాలు."

హాలు మారుమోగింది. చప్పట్లు సద్దుమణిగాక చిన్నమ్మి నెమ్మదిగా అడిగింది.

"ఇప్పుడు నేను వాయించింది మీలో ఎవరికైనా నచ్చిందాండీ?"

అందరూ ఆమె తల వంక చూశారు. తల కదల్లేదు. నచ్చలేదని ఏకగ్రీవంగా తేలింది.