కింద చూడుడు

సాయంత్రం నరసరావుపేట పఠనమందిరంలో తన పుస్తకం చదివించుకోవాలి, మొదటి పేజీ అడుగున ఉన్న భార్య పేరు ఆమె పుట్టింటివాళ్ల చెవిన పడేట్టు చూడాలి, ఆనక అందరికీ పకోడీలు పెట్టాలి. ఆ పొద్దున గోపాలకృష్ణయ్య మాస్టారి ఆలోచనల్లో ఇంతకుమించి ఏమీ లేదు. పల్నాటి ఊళ్లకు ఆ పేర్లెలా వచ్చాయో చెప్పే పుస్తకం అది. "మొదటి పేజీలోనే నీ పేరు" అని ఏడాదిగా ఆయన ఊరిస్తూంటే, పుల్లమ్మ నమ్మి కారంపూడి నుంచి అన్నదమ్ములందరినీ రప్పించుకుంది.

అచ్చాఫీసు ముర్తుజా పుస్తకాల కట్ట దింపాడు. మాస్టారు మొదటి పేజీ తీశారు. అడుగున ఏమీ లేదు.

"నా ఫుట్‌నోట్లు ఏవయ్యా?"

"యుద్ధం రోజులు మాస్టారూ, కాగితం కంట్రోలు. పేజీ పేజీకీ అడుగున గీత, దాని కింద ఖాళీ... చానా కాగితం తింటున్నయ్. అన్నీ ఏరి చివరాఖర్న ఒకచోట కుక్కా."

"చివర ఎవడు చూస్తాడయ్యా! ఫుట్‌నోటంటే విస్తట్లో ఊరగాయ. చెయ్యి కడుక్కున్నాక వడ్డిస్తావా?"

ముర్తుజా తల గోక్కున్నాడు. నోట్లనైతే ఏరాడు గాని, వాటి కోసం పేజీల్లో ఉంచిన 'కింద చూడుడు' అనే మాటను ఏరలేదు. ఆ సంగతి ఇద్దరికీ తట్టలేదు.

సాయంత్రం చదవడానికి మిషన్ స్కూలు రాజారత్నం వచ్చాడు. చర్చిలో వాక్యం చదివే గొంతు అతనిది. అచ్చులో ఉన్నది పొల్లు పోకుండా చదవడం అతని నియమం. మొదటి వాక్యం గంభీరంగా ముగించి, అంతే గంభీరంగా "కింద చూడుడు!" అన్నాడు.

ముందు వరుసంతా కిందికి చూసింది. పుల్లమ్మ అన్న రామబ్రహ్మం కాళ్లు పైకి లాక్కున్నాడు.

"ఏందది? తేలా?"

"తేలంట!" అన్నాడు పక్కవాడు.

మాస్టారు లేచి నిలబడ్డారు. "కింద ఏం లేదయ్యా! చివర్లో ఉంది! అన్నీ చివర్లోనే ఉన్నయ్!" అని అరిచారు. దాంతో చివరి వరుస మొత్తం బెంచీ ఎక్కింది. బెంచీ విరిగింది. మేకు గుచ్చుకున్నవాడు "కుట్టిందిరో!" అన్నాడు. పకోడీల బుట్ట తొక్కుకుంటూ జనం వీధిలో పడ్డారు.

పుల్లమ్మ కళ్లనిండా నీళ్లు. "ఏడాది ఊరించి, నా పేరు తేలు పాలు చేశారా?"

మాస్టారికి సిగ్గేసింది. పుస్తకం చివరి పేజీలు తీసి రాజారత్నం చేతిలో పెట్టారు. "ఇక్కణ్ణుంచి చదువు."

రాజారత్నం అరుగెక్కాడు. "ఒకటి. ఈ సంగతి నాకు చెప్పినది నా భార్య పుల్లమ్మ. రెండు. పై వారే. మూడు. పై వారే. నాలుగు. పై వారే."

పేజీకొకటిగా చెదిరి ఉన్నప్పుడు మాస్టారికే తట్టని సంగతి, ఒక్కచోట చేరేసరికి వీధికంతా తెలిసిపోయింది. కాసేపటికి రాజారత్నం అంకె చెబితే చాలు, "పై వారే!" అని జనమే అందుకుంటున్నారు.

"అయితే బావా, నువ్వు రాసిందేంది?" అన్నాడు రామబ్రహ్మం.

"నంబర్లు కూడా నేనే ఏశా" అన్నాడు ముర్తుజా.

పుల్లమ్మ పైట చెంగుతో కళ్లు తుడుచుకుని పకపకా నవ్వింది. మాస్టారు చిన్నబుచ్చుకోబోయారు గాని, ఆమె నవ్వు చూశాక ఆయనకీ నవ్వాగలేదు.

యుద్ధం ముగిశాక రెండో కూర్పు వచ్చింది. ఫుట్‌నోట్లు మళ్లీ పేజీల అడుక్కి చేరాయి. అట్ట మీద పుల్లమ్మ పేరుంది. మాస్టారి పేరు కావాలంటే కింద చూడాలి.