ఫ్రిజ్‌లో పెట్టిన రేపు

ఫ్రిజ్ ఖాళీ చేసి కడగాలి. వాసన ఏ గిన్నెలోంచి వస్తోందో కనిపెట్టాలి. మూతల్లేని గిన్నెలకు మూతలు, గిన్నెల్లేని మూతలకు గిన్నెలు వెతకాలి. ఏదీ పారేయకూడదు. ఆదివారం అమ్మ నాకు అప్పజెప్పిన పనులివి. మా వంశంలో మొదటి డిగ్రీ నాది, అందులోనూ జంతుశాస్త్రం. అంచేత ఫ్రిజ్ నా శాఖ!

చదువుకున్నవాడిగా చెబుతున్నాను, కిక్కిరిసిన ఫ్రిజ్‌ను తిట్టకండి. సాక్షాత్తూ ప్రకృతి నేర్పిన విద్య అది!

చిరుతపులి తినగా మిగిలిన జింకను చెట్టుకొమ్మ మీదికి ఎందుకు లాక్కుపోతుంది? కింద ఉంచితే చుట్టాలొస్తారు. నేల కింద బతికే ఓ జంతువు వానపాముల తలలు కొరికి, చావకుండా, పారిపోకుండా నిల్వ చేసుకుంటుంది. తాజా సరుకు, కరెంటు బిల్లు లేదు! ఉడత గింజలు పాతిపెట్టి, కొన్నిటి సంగతే మర్చిపోతుంది. అవి మొలిచి చెట్లవుతాయి. మేమూ కింది అరలో ఒక గిన్నె మర్చిపోయాం. అందులోనూ పచ్చగా ఏదో మొలిచింది. అడవులు పెంచే కుటుంబాన్ని మెచ్చుకునేవాళ్లేరీ?

అయితే జంతువులది చిన్న బుద్ధి. ఏ జంతువు దాచుకుంటే ఆ జంతువే తింటుంది. మనిషి ఎదిగాడు. మా ఇంట్లో నాన్న "రేపటికి ఉంచండి" అంటారు, అమ్మ మూత పెడుతుంది, అన్నయ్య లోపలికి తోస్తాడు, నేను తలుపు వేస్తాను. తినేది మాత్రం వదిన. శ్రమ నలుగురిది, ఫలం ఒక్కరిది! రాణి ఈగకైనా ఇంత వైభోగం ఉందా? ఆ "రేపు" వచ్చాక మాకు వేడివేడిగా కొత్త వంట కావాలి. అది వండేదీ వదినే అనుకోండి.

పోయిన వారం వదినకు ఒకటే వాంతులు. ఆస్పత్రిలో సెలైన్ ఎక్కించారు. ఏం తిన్నావమ్మా అని డాక్టరమ్మ అడిగితే, అన్నయ్య మధ్యలో దూరి, ఇంట్లో అందరం తిన్నదేనండీ, మాకెవరికీ ఏం కాలేదు అని ధీమాగా చెప్పాడు.

వదిన కళ్లు తెరవకుండానే అంది: "అందరూ తిన్నదేనండీ. కాకపోతే వాళ్లు మొన్న తిన్నారు."

ఆ తర్వాతే అమ్మ నన్ను ఫ్రిజ్ కడగమంది. ఏదీ ఎందుకు పారేయకూడదని అడిగాను.

"కోలుకోగానే మీ వదిన తింటుంది కదరా."

పచ్చగా మొలిచిన గిన్నె మూత తీసి అన్నయ్య ముందు పెట్టాను. ముక్కు మూసుకుని, "ఛీ, ఇది మనుషులు తినేదేనా?" అన్నాడు. నేను చదివింది జంతుశాస్త్రం, మనుషుల సంగతి నా శాఖ కాదు. గిన్నె చెత్తబుట్టలో బోర్లించేశాను.

ఉడతకు ఈ గొడవ లేదు. దానికి వదిన లేదు. మీ ఇంట్లో ఉండే ఉంటుంది, వదినో, అమ్మో, ఇంకెవరో. ఈ రాత్రి మూత పెట్టి ఫ్రిజ్ తలుపు వేసేముందు, రేపు ఆ గిన్నె ఎవరి ముందుకు వస్తుందో, ఆ మనిషిని ఒక్కసారి గుర్తు చేసుకోండి.