జ్వరానికి తరుగు

డెబ్బయ్యొక్క ఏళ్ల నా జీవితంలో జ్వరమన్నది ఎరుగను. కావాలంటే మా పత్తి యార్డు రిజిస్టరు చూసుకోండి. అంత ఆరోగ్యవంతుణ్ణి చెప్తున్నాను కాబట్టి, మా యార్డు చైర్మన్ దామోదర్‌రావు గారి గొప్పతనం మీరు నమ్మాల్సిందే.

అది ఎనభై ఏడు డిసెంబరు. మాది జమ్మికుంటంత పెద్ద యార్డు కాదు గానీ, ఆ చలికాలం దగ్గులో మాత్రం మాదే పైచేయి. హమాలీ నుంచి కమీషన్ ఆడ్తిదారు దాకా అందరికీ ముక్కు కారడం, ఒళ్లు నొప్పులు. సర్కారు డాక్టరు వచ్చి, ఇది ఊపిరితిత్తులకు పట్టే వైరస్ అనీ, జ్వరం దానికి గుర్తనీ చెప్పాడు. నూటొకటి దాటినవాళ్లకు చిట్టీ రాసి యార్డు జీపులో పెద్ద దవాఖానాకు పంపాలి, అట్లాంటివాళ్లు పదిమంది తేలితే యార్డు మూయాలి అని కాగితం ఇచ్చి పోయాడు.

సోమవారం కొత్త కాంటా షెడ్డు తెరవడానికి మంత్రిగారు వస్తున్నారు. చైర్మన్ గారు మైకు అందుకుని, సోమవారం నాటికి మనది జ్వరరహిత యార్డు అని ప్రకటించారు. ఎట్లా అని అడిగే ధైర్యం ఎవరికీ లేదు, గొంతూ లేదు.

మర్నాడు పొద్దున్నే కాంపౌండర్ అంబదాస్ థర్మామీటరుతో గేటు దగ్గర కూర్చున్నాడు. మొదటి గంటలోనే ఎనిమిది మంది నూటొకటి దాటారు. చైర్మన్ గారు కాసేపు గమనించి, చాలా శాస్త్రీయమైన ప్రశ్న వేశారు.

"ఏందయ్యా అంబదాస్, తరుగు తీస్తలేవా?"

పత్తిలో తేమ ఉంటుందని తూకంలో ఇంత కొట్టేస్తారు, అదే తరుగు. నోట్లో మాత్రం తేమ ఉండదా అని ఆయన వాదన. ఆ నిమిషం నుంచి తేమకు ఒక డిగ్రీ, ఎండలో నిలబడ్డందుకు ఒకటి, చాయ తాగినందుకు ఒకటి తీసేసి, మిగిలింది రాయడం మొదలైంది. నాకు నూటరెండు పాయింట్ నాలుగు వచ్చింది. ముచ్చట్లు ఎక్కువ చెప్తానని నాకు ఇంకొకటి అదనంగా కొట్టేశారు. తొంభై ఎనిమిది పాయింట్ నాలుగు. నా రికార్డు అట్లా నిలబడింది. ముందు తేలిన ఎనిమిది మందిని కూడా మళ్లీ పిలిచి, తరుగు తీసి, ఆరోగ్యవంతుల్ని చేసి పంపారు.

పదకొండు గంటలకు బాలవ్వ తన మొగుడు అంతయ్యను భుజం పట్టి నడిపించుకొచ్చింది. అంతయ్య హమాలీ. రెండు పత్తి బోరాలు ఒక్కసారే ఎత్తే మనిషి, మాట మాటకూ ఆగి గాలి పీల్చుకుంటున్నాడు. పెదవులు నీలంగా మారాయి. నూటమూడు పాయింట్ నాలుగు. మామూలు తరుగు మూడు, మూటలు మోసి వేడెక్కిన ఒళ్లు కాబట్టి ఇంకో రెండు. తొంభై ఎనిమిది పాయింట్ నాలుగు. జీపు చిట్టీ రాదు.

బాలవ్వ ఏడవలేదు. చైర్మన్ గారి వైపు తిరిగింది.

"దొరా, పత్తిల తీసిన తరుగు ఎవలకు పోతది?"

"కొన్నోళ్లకు పోతది. ఎందుకే?"

"మరి మా ఆయన ఒంట్లకెల్లి తీసిన అయిదు డిగ్రీలు ఎవలు తీస్కున్నరు? తీస్కున్నోళ్లకు గీ ఆయాసం రావాలె గద. ఎవలకూ రాలే."

చైర్మన్ గారు ఆలోచించారు. మహానుభావుడు. తన శాలువా తీసి అంతయ్యకు కప్పి, స్వయంగా నడిపించి, జీపులో ముందు సీట్లో కూర్చోబెట్టారు. మేమంతా చప్పట్లు కొట్టాం.

ఇంత రాశాక ఒకటి ఒప్పుకోవాలి. ఆ జీపు నేను కల్పించాను. శాలువా కూడా. జీపు అప్పటికే మంత్రిగారి దండలు తేవడానికి పోయింది. బాలవ్వ అడిగినదానికి చైర్మన్ గారు, సోమవారం అయ్యాక మాట్లాడదాం అన్నారు. మిగతాదంతా జరిగిందే.

పత్తి అమ్మడానికి వచ్చిన రైతు కొండల్ తన ఎడ్లబండిలోంచి పత్తి దించేస్తే, అంతయ్యను అందులో పడుకోబెట్టి తీసుకుపోయాం. చేరేసరికి పొద్దు వాలింది. దవాఖానా డాక్టరు థర్మామీటరు చూసి, నూటనాలుగుంది, ఇంతసేపు ఏం చేస్తున్నారని మా మీద కేకలేశాడు.

బాలవ్వ మెల్లగా అడిగింది.

"గది తరుగు తీసినంకనా సారూ, తియ్యకముందా?"