బకెట్టు కన్నా మెరుగైన కొలను

నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అన్నారు పెద్దలు. వారి కాలంలో ఈతకొలనుల మరమ్మతు సంస్థలు లేవు కనుక వారిని తప్పుపట్టలేము. నేడు నీరు ఎటు పోయిందో జలమట్ట పరిశీలకుడు తేల్చాలి, నిజమేమిటో సంతృప్తి విభాగం తేల్చాలి. ఆ ఇద్దరూ తేల్చేదాకా నీరు ఎక్కడికీ పోనట్టే, నిజం ఇంకా పుట్టనట్టే. ఈ ఏర్పాటు మానవ నాగరికతకు పరాకాష్ఠ అని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను. (నమ్మకపోతే రక్తపోటు పెరుగుతుందని డాక్టరుగారు హెచ్చరించారు.)

మా పెరట్లో ఒక ఈతకొలను ఉంది. నా చెల్లెలి భర్త, అంటే మా మరిదిగారు, దానిని ముచ్చటపడి కట్టించారు. ఆయనకు ఈత రాదు. ఆయన పోయిన తరువాత ఆ ఇంట్లో నేనూ, నా చెల్లెలూ మిగిలాము. మా ఇద్దరికీ ఈత రాదు. అందువల్ల ఆ కొలను చాలా ఏళ్లు రాలిన ఆకులకు, వాటిని చూసి నేను చేసే విమర్శలకు మాత్రమే ఉపయోగపడింది.

గత సంవత్సరం నా చెల్లెలు తానే తుడిచిన వంటింటి నేల మీద తానే జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. శస్త్రచికిత్స చేసిన డాక్టరుగారు మా ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని స్పష్టంగా చెప్పారు.

"తొంభై రోజులమ్మా. రోజూ అరగంట, నడుము లోతు నీళ్లలో నడిపించండి. నీళ్లలో ఒంటి బరువు కాలి మీద పడదు. ఈ తొంభై రోజులూ వదిలేశారంటే కీలు బిగుసుకుపోతుంది. ఇక ఆ చేతికర్ర జన్మలో వదలదు."

"చేతికర్ర పట్టుకుంటే ముసలిదానిలా కనిపిస్తానక్కా," అంది నా చెల్లెలు బయటికి వచ్చాక. ఆమెకు అరవై ఎనిమిదేళ్లు. ఆమె కళ్లలో నీళ్లున్నాయి కనుక ఆ అంకెను గుర్తుచేయకుండా ఆటో పిలిచాను.

ఊరి ఈతకొలనుకు వెళ్లాలంటే ఇరవై రెండు మెట్లు దిగాలి. అవి దిగగలిగిన మనిషికి ఆ కొలనే అక్కరలేదు. కనుక మా కొలనును కడిగించి నింపించాము. రెండవ రోజు సాయంకాలానికి అందులో నీరు సగమైంది. కొలను కారుతోందని గ్రహించి, నగరంలోకెల్లా పేరున్న మరమ్మతు సంస్థ యాప్‌లో ఫిర్యాదు నమోదు చేయడానికి కూర్చున్నాము.

ఆ పత్రంలో నాలుగవ గడి ఇలా అడిగింది: మరమ్మతు అవసరం ఏమిటి?

"ఈత కొట్టడానికని రాసెయ్యక్కా," అంది చెల్లెలు.

"మనలో ఎవరికి వచ్చు ఈత?"

"వాళ్లేమైనా వచ్చి దూకమంటారా?"

నేను కాన్వెంటులో చదువుకున్నాను. చిన్న అబద్ధమనేది లేదని, చిన్న వయసు అబద్ధాలకోరులు మాత్రమే ఉంటారని మా మదర్ సుపీరియర్ బెత్తంతో సహా బోధించింది. కనుక నాలుగవ గడిలో ఉన్నది ఉన్నట్టు రాశాను: "నా చెల్లెలు చేతికర్ర లేకుండా నడవడానికి." యాప్ ఒక పచ్చని గుర్తు చూపించి నన్ను అభినందించింది.

సంస్థ నియమావళి గురించి కొంత వివరించక తప్పదు. నీరు కారుతోందో లేదో తేల్చే పరిశీలకుడు నిండు కొలనుకే వస్తాడు. కారే చోటును పూడ్చే మేస్త్రీ ఎండిన కొలనుకే వస్తాడు. పరిశీలకుడి చీటీ లేనిదే మేస్త్రీ కదలడు. ఫిర్యాదు నడుస్తున్నంత కాలం ఆ నీళ్లలో ఎవరూ కాలు పెట్టరాదు, పెడితే ఫిర్యాదు రద్దు. (ఈ నియమాన్ని అతిక్రమిద్దామని చెల్లెలు మూడు సార్లు ప్రతిపాదించింది. మూడు సార్లూ తిరస్కరించాను.)

పరిశీలకుడు చెప్పిన రోజుకు రెండు రోజులు ఆలస్యంగా వచ్చాడు. మర్యాదస్తుడు. చెప్పులు గేటు దగ్గరే విడిచాడు. కొలనులోకి తొంగిచూసి నొచ్చుకున్నాడు.

"సగమే ఉందేంటి మేడమ్? నిండుగా ఉంచమన్నాం కదండీ."

"నింపాను నాయనా. కారిపోయింది."

"కారుతోందో లేదో చెప్పాల్సింది నేను కదండీ."

"సరే, చెప్పు."

"నిండుగా ఉంటే కదండీ చెప్పేది!"

రెండవసారి అతను వస్తానన్న రోజున నేను గొట్టం పెట్టి కొలనును అంచుల దాకా నింపి, అది తగ్గకుండా అతని రాక కోసం గొట్టం పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. అతను పారుతున్న గొట్టాన్ని చూసి, నన్ను చూసి, జాలిగా తల ఊపాడు. "పైనుంచి పోస్తూ ఉంటే కింద కారేది ఎలా తెలుస్తుందండీ?" ఆ తర్కంలో దోషం వెతికాను. దొరకలేదు. అదే నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది.

మూడవసారికి గ్రహాలన్నీ అనుకూలించాయి. కొలను నిండుగా ఉంది, గొట్టం కట్టేసి ఉంది, అతనూ వచ్చాడు. గోడ మీద నీటి మట్టానికి సుద్దగీత గీసి, కొలను గట్టు మీద నీళ్లు నిండిన బకెట్టు ఒకటి పెట్టాడు. ఎండకు బకెట్టులోనూ కొంత నీరు తగ్గుతుంది, కొలనులోనూ కొంత తగ్గుతుంది. బకెట్టు కన్నా కొలనులో ఎక్కువ తగ్గితే, ఆ ఎక్కువ కారినట్టు లెక్క. ఇది శాస్త్రీయమైన పద్ధతి. నాకు నచ్చింది. "రేపు వచ్చి చూస్తా మేడమ్," అన్నాడు. అయిదవ రోజున వచ్చాడు.

కొలనులో నీరు అరవై శాతం పోయింది. బకెట్టు పూర్తిగా ఎండిపోయి ఉంది.

అతను రెండింటినీ రెండు సార్లు చూసి, యాప్‌లో అంకెలు నొక్కి, ముఖం వికసింపజేశాడు. "కంగ్రాచ్యులేషన్స్ మేడమ్! బకెట్టులో వంద శాతం పోయాయి, పూల్‌లో అరవయ్యే. మీ పూల్ సూపర్‌గా ఉంది. ప్రాబ్లమ్ అంతా బకెట్టులోనే."

"బకెట్టు సంస్థదేనా?"

"మాదే అండీ. అందుకే ఫ్రీగా రిపేరు చేయిస్తాం."

ఎండిన దానికే మేస్త్రీ వస్తాడని ముందే మనవి చేశాను. బకెట్టు ఎండి ఉంది కనుక మరునాడు తొమ్మిదింటికల్లా వచ్చాడు. దానిని బోర్లించి, నిలబెట్టి, గోటితో కొట్టి చూసి, లోపల నీలిరంగు పూత రెండు సార్లు పూసి, మెడకు ఒక అట్ట తగిలించాడు: "ఇరవై నాలుగు గంటల వరకు ఎవరూ దిగరాదు." బకెట్టుకు పదేళ్ల హామీపత్రం ఇచ్చి, మా చేత సంతకం చేయించుకుని వెళ్లిపోయాడు.

అప్పుడు నా దృష్టి పెరటి చివరి గోడ పక్కనున్న మొక్కల మీద పడింది. అవి అనుమానాస్పదంగా కళకళలాడుతున్నాయి.

"బకెట్టులో నీళ్లేమయ్యాయే?" అని చెల్లెలిని నిలదీశాను.

"ఏ బకెట్టు?"

"మనింట్లో ఎన్ని బకెట్లకు పరిశీలన జరుగుతోంది?"

"నిండు బకెట్టు అలా ఊరికే పడుంటే చూస్తూ ఎలా కూర్చోమంటావక్కా? దోమలు గుడ్లు పెట్టవూ? మొక్కలకు పోశాను."

"ఒక చేతిలో కర్ర ఉందిగా!"

"రెండో చేతిలో మగ్గు ఉందిగా."

కేవలం ఒక ఇల్లాలి అలవాటు కారణంగా ఒక శాస్త్రీయ పద్ధతి నేలకూలింది. సంస్థకు నిజం రాసి పంపాలన్నాను. "వద్దక్కా, నవ్విపోతారు. ఇంకోసారి చూడమని ఊరికే అడుగు, చాలు," అని చెల్లెలు బతిమాలింది. నేను వినలేదు. రెండు పేజీల ఉత్తరంలో, మగ్గుతో సహా, సర్వం వెల్లడించాను. వారం తిరక్కుండా సంతృప్తి విభాగం నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది.

"మేడమ్, బకెట్టుతో మీరు సంతృప్తిగా ఉన్నారా?"

"బకెట్టు మీద నాకు ఫిర్యాదు లేదమ్మా."

"థాంక్యూ మేడమ్, రికార్డయింది."

"ఆగమ్మా. నా బాధ కొలను గురించి."

"తప్పు మీవైపేనని మీరే రాసిచ్చారు కదా మేడమ్. వినియోగదారు జోక్యం కింద పడుతుంది. మళ్లీ పరిశీలనకు అరవై రోజుల శాంతి కాలం ఉంటుంది."

"ఎవరు శాంతించడానికి?"

"సిస్టమ్ మేడమ్."

అప్పటికి డాక్టరుగారు చెప్పిన తొంభై రోజుల్లో ముప్పై ఒకటి గడిచాయి. వేళ్ల మీద లెక్కపెట్టాను. పరిశీలకుడు వచ్చేది తొంభై ఒకటవ రోజున. ఫోన్ పెట్టేసి వసారాలోకి వచ్చేసరికి చెల్లెలు కర్రను ఒడిలో పెట్టుకుని కొలను వైపు చూస్తోంది.

"నీ నిజం నిలబడింది, నా కాలు పడిపోయింది," అంది. "పోనీలే. రెండూ దక్కాలంటే ఎలా?"

ఎగతాళిగానే అంది. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

అయితే మొక్కలు శాంతి కాలాన్ని గుర్తించలేదు. సాయంకాలపు నీళ్లకు అలవాటుపడిన వాటిని మాడ్చడం చెల్లెలికి ఇష్టం లేకపోయింది. పదేళ్ల హామీ ఉన్న ఆ బకెట్టును గట్టు మీదే ఉంచి, రోజూ గొట్టంతో నింపుకుని, మగ్గు తరువాత మగ్గు చివరి గోడ దాకా మోసేది. బకెట్టుకు ఇరవై మగ్గులు. నేను పోస్తానంటే ఒప్పుకునేది కాదు. ("నువ్వు పోస్తే వేళ్లు కుళ్లిపోతాయి. నీకు మొక్కలకూ పిల్లలకూ తేడా తెలీదు, ఇద్దరికీ అతి చేస్తావు.") మొదటి వారం కర్ర కుడిచేతిలో ఉండేది. నెల తిరిగేసరికి ఆ చేతిలోకి రెండవ మగ్గు వచ్చింది. కర్ర ఎక్కడుందని అడిగితే, వంగిన ఒక మొక్కకు ఊతంగా పాతానని చెప్పింది.

తొంభయ్యవ రోజున డాక్టరుగారు ఆమె కాలిని అటూ ఇటూ వంచి చూసి సంతోషించారు. "నీళ్లలో బాగా నడిపించారమ్మా!"

"నడిపించలేదు డాక్టరుగారూ, మోయించాను," అన్నాను. చేయని పనికి మెప్పు పొందడం నాకు చేతకాదు.

తొంభై ఒకటవ రోజున పరిశీలకుడు వచ్చాడు. గేటు తీసింది నా చెల్లెలు, మగ్గు చేతిలో పట్టుకునే. అతను ఆమె వైపు చూశాడు, ఫోన్ వైపు చూశాడు, మళ్లీ ఆమె కాళ్ల వైపు చూశాడు.

"ఈ అమ్మగారేనా అండీ, నాలుగో గడి?"

"నేనే బాబూ. మంచినీళ్లు కావాలా?"

అతను నా వైపు తిరిగాడు. "మేడమ్, ఈవిడ కర్ర లేకుండా నడుస్తున్నారా? అవును, కాదు, రెండే ఉన్నాయి."

అతని వెనుక నుంచి నా చెల్లెలు తల అడ్డంగా ఊపింది. అది చాలదనుకుని గోడ పట్టుకుని కుంటడం మొదలుపెట్టింది. (తప్పు కాలితో.)

"అవును," అన్నాను.

"అవసరం తీరింది. కంప్లయింట్ క్లోజ్," అని అతను నిండు మనసుతో బొటనవేలు నొక్కాడు.

"మరి కొలను?"

"కొలను మీద మీరు కంప్లయింట్ ఇవ్వలేదు కదండీ. నడక మీద ఇచ్చారు. కొత్తది పెట్టాలంటే అదే అవసరం మళ్లీ రావాలండీ." వెళ్తూ వెళ్తూ మొక్కలు చాలా బాగున్నాయని మెచ్చుకున్నాడు.

కొలను నేటికీ కారుతోంది. బకెట్టు కారడం లేదు. న్యాయం కోసం నియమావళిని మొదటి నుంచి చివరి దాకా చదివాను. పరిశీలకుడు చెప్పినది అక్షరాలా నిజం. నా చెల్లెలు ఇప్పటికీ వంటింటి నేల తానే తుడుస్తుంది, అది ఆరకముందే తానే నడుస్తుంది. ఆ సమయంలో నేను గుమ్మంలో నిలబడి ఆమె కాళ్ల వైపు ఆశగా చూస్తున్నానని ఈ మధ్య ఆరోపిస్తోంది. ఆ ఆరోపణ పూర్తిగా నిరాధారమని ఇందుమూలముగా తెలియజేస్తున్నాను. (నా డెబ్బై నాలుగేళ్లలో ఇది మొదటి అబద్ధం.)